ట్రిక్లింగ్ ఫిల్టర్‌లో నీరు ఎలా దిగుతుంది? పైన కలిపిన రంగు అంత త్వరగా ఎందుకు బయటికి వచ్చింది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత మేరకు ముందుగా చెబుతాను. మీ దగ్గర 20 మీటర్ల వ్యాసం, 1.8 మీటర్ల లోతు ఉన్న కంకర ట్రిక్లింగ్ ఫిల్టర్ ఉంది, అంటే మురుగునీటిని రాళ్ల పరుపు (బెడ్) మీద చిమ్మి, రాళ్లపై పెరిగే సూక్ష్మజీవుల చేత శుద్ధి చేయించే నిర్మాణం. దానిపై చదరపు మీటరుకు రోజుకు 10 ఘనపు మీటర్ల చొప్పున, ప్రాథమిక శుద్ధి పూర్తయిన మురుగునీరు పడుతోంది. రాళ్ల మధ్య సందులు మొత్తం ఘనపరిమాణంలో సగం ఉంటాయి కాబట్టి ఆ ఖాళీని ప్రవాహంతో భాగించి, నీరు లోపల రెండు గంటలకు పైగా ఉండాలని మీరు లెక్క వేశారు. కానీ ప్రవేశ గొట్టంలో రంగు కలిపి చూస్తే అయిదో నిమిషానికే అది కింది కాలువలో కనిపించింది, పన్నెండో నిమిషంలో బాగా చిక్కబడింది, గంట దాటిన తరువాత కూడా లేతగా వస్తూనే ఉంది. ఉదయం ప్రవాహం రెట్టింపయ్యే వేళ బయటికి వెళ్లే నీటిలో బీఓడీ (సేంద్రియ కాలుష్యం కుళ్లడానికి కావలసిన ఆక్సిజన్ కొలత) పెరుగుతోంది, బెడ్ పైభాగంలో ఒకచోట నీరు నిలుస్తోంది. నీరు అడ్డదారి పట్టి కిందికి జారిపోతోందేమో, బెడ్‌ను మరో అర మీటరు ఎత్తు పెంచితే సరిపోతుందా అని అడిగారు.

మీరు చేసిన కొలతలో తప్పు లేదు. తప్పు లెక్కలో ఉంది. రాళ్ల మధ్య ఉన్న ఖాళీ నీటిది కాదు, గాలిది. ఆ ఖాళీలో నీరు ఆక్రమించేది చాలా చిన్న భాగం. బెడ్ నిండా నీరు ఉందనుకుని వేసిన లెక్క నీట మునిగి పనిచేసే ఫిల్టర్లకు సరిపోతుంది గానీ, ట్రిక్లింగ్ ఫిల్టర్‌కు వర్తించదు. ఎత్తు పెంచే విషయానికి చివర్లో వస్తాను. నీరు లోపల ఏం చేస్తోందో తెలియకుండా దానికి జవాబు చెప్పడం సబబు కాదు.

ఈ పొరపాటుకు సగం కారణం ఫిల్టర్ అన్న పేరే. ఆ మాట వినగానే మనకు వడపోత గుర్తుకు వస్తుంది, కానీ అరచేతిలో పట్టేంత రాళ్ల మధ్య నుంచి మురుగునీటిలోని ఏ కణాన్నీ వడకట్టలేము. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో 1887లో మొదలైన లారెన్స్ ప్రయోగ కేంద్రం ఈ సంగతిని తొలినాళ్లలోనే తేల్చింది. ఇసుకతో పాటు గులకరాళ్ల బెడ్‌ల మీద కూడా అక్కడ మురుగునీటిని పోసి చూశారు. పెద్ద కణాలను కూడా ఆపలేని ఆ రాళ్ల మధ్య నుంచి దిగిన నీరు కూడా శుద్ధి అయింది. గాలి తగులుతూ ఉండగా, నీరు రాళ్ల ఉపరితలం మీద పలుచని పొరగా, నెమ్మదిగా కదలడమే శుద్ధికి మూలమని వారు గ్రహించారు. ఆ తరువాత ఎన్ని సూత్రాలు వచ్చినా, రాళ్లకు బదులుగా నింపే కొత్త ప్లాస్టిక్ మీడియాలు ఎన్ని వచ్చినా, ట్రిక్లింగ్ ఫిల్టర్ గురించి ఇంతకంటే ముఖ్యమైన మాట మరొకటి లేదని నేను నమ్ముతాను. ఈ సమాధానంలో మిగిలినదంతా ఆ పలుచని పొర చుట్టూనే తిరుగుతుంది.

ఆ పొర ఎంత పలుచన అన్నది మీ అంకెలతోనే చూద్దాం. 50 నుంచి 100 మిల్లీమీటర్ల కంకరలో ఒక ఘనపు మీటరుకు 40 నుంచి 70 చదరపు మీటర్ల ఉపరితలం ఉంటుంది, 60 అనుకుందాం. రోజుకు 10 మీటర్ల ఎత్తు నీరు ఆ ఉపరితలమంతా సమానంగా పరచుకుని, నిలువు గోడ మీద జారినట్లు జారితే, గురుత్వాకర్షణకూ స్నిగ్ధతకూ మధ్య సమతుల్యం నుంచి పొర మందాన్ని లెక్కించవచ్చు. గతిక స్నిగ్ధతనూ (స్నిగ్ధతను సాంద్రతతో భాగించిన విలువ), ఒక మీటరు వెడల్పుకు పారే ప్రవాహాన్నీ, మూడు అనే అంకెనూ గుణించి, గురుత్వ త్వరణంతో భాగించి ఘనమూలం తీయాలి. మీ బెడ్‌కు వచ్చే మందం సుమారు 0.08 మిల్లీమీటర్లు. అంటే అది తల వెంట్రుక మందానికి దగ్గరగా ఉంటుంది. ప్రవాహంలో అలజడి ఉంటుందో లేదో చెప్పే రెనాల్డ్స్ సంఖ్య పది కంటే తక్కువ కాబట్టి ఆ పొరలో సుడులు ఉండవు. నీరు పొరల మీద పొరలుగా, అలజడి లేకుండా జారుతుంది. సగటు వేగం సెకనుకు 2.3 సెంటీమీటర్లు. ఆ వేగంతో 1.8 మీటర్లు దిగడానికి 80 సెకన్లు కూడా పట్టదు.

ఇప్పుడు మన ముందు మూడు అంకెలు ఉన్నాయి. ఖాళీ పరిమాణాన్ని బట్టి మీరు వేసిన లెక్క 130 నిమిషాలు, శుభ్రమైన నిలువు గోడ లెక్క ఒకటింబావు నిమిషం, మీరు కొలిచినది వీటి మధ్య ఎక్కడో ఉంది. మీరు ఇచ్చిన కలరిమీటర్ (రంగు గాఢతను కొలిచే పరికరం) రీడింగులను వాటి వాటి సమయాలతో గుణించి సగటు తీస్తే సుమారు 18 నిమిషాలు వస్తుంది. మీ బెడ్ మీద నిమిషానికి దాదాపు 7 మిల్లీమీటర్ల ఎత్తు నీరు పడుతోంది కాబట్టి, 18 నిమిషాల పాటు నిలిచే నీరు ఎంత అంటే 125 మిల్లీమీటర్లు. సందుల ఖాళీ మొత్తం 900 మిల్లీమీటర్లు. అంటే రాళ్ల మధ్య ఖాళీలో ఏడో వంతు మాత్రమే నీరు ఉంది, మిగిలిన ఆరు వంతులు గాలి. మంచి స్థితిలో ఉన్న కంకర బెడ్ ఇలాగే ఉండాలి. మీ రంగు పరీక్ష చూపించినది రోగం కాదు, ట్రిక్లింగ్ ఫిల్టర్ సహజ స్వభావం.

అయితే ఒకటింబావు నిమిషం 18 నిమిషాలు ఎలా అయింది? దీన్ని అర్థం చేసుకోవడానికి ఒక రాయిని చేతిలోకి తీసుకుని చూడడం ఏ సూత్రం కంటే మేలు. బెడ్ పైన తిరుగుతూ నీటిని చిమ్మే డిస్ట్రిబ్యూటర్‌ను ఆపి, దాని ఆర్మ్‌లు (రంధ్రాలున్న గొట్టాలు) కదలకుండా కట్టివేసి, గ్లవ్స్ వేసుకుని, పై నుంచి ఒక అడుగు లోతులో ఉన్న రాయిని మెల్లగా పైకి తీయండి. దాని పై ముఖం మీద గోధుమ, బూడిద రంగు కలిసిన జిగురు పొర కనిపిస్తుంది, నీటిని శుద్ధి చేసే సూక్ష్మజీవుల ఈ పొరనే బయోఫిల్మ్ అంటారు; గోటితో గీస్తే మెత్తగా ఊడి, కింద నల్లటి చార బయటపడుతుంది. రాయిని ఒక వైపు వంచితే నీరు ఒక్కసారిగా కారదు. కొన్ని చుక్కలు వెంటనే పడతాయి, ఆ తరువాత చాలాసేపటి వరకు ఒక్కో చుక్కే అంచుకు చేరి వేలాడి రాలుతుంది. రాయి కింద మరో రాయిని ఆనుకున్న చోట, సన్నని సందులో, నీరు ఉంగరంలా పట్టుకుని ఉంటుంది. రాయి అడుగు భాగంలో ఒక పక్క పూర్తిగా పొడిగా కూడా ఉండవచ్చు.

ఆ ఒక్క రాయిలో మొత్తం కథ ఉంది. నీరు నిలువు గోడ మీద జారడం లేదు; చదునైన ముఖాల మీద తారాడుతుంది, రాళ్లు ఆనుకున్న చోట ఆగుతుంది, బయోఫిల్మ్‌లోకి ఇంకుతుంది. బయోఫిల్మ్‌లో అధిక భాగం నీరే కాబట్టి అది స్పాంజిలా నీటిని పట్టుకుని ఉంటుంది. కొత్త నీరు దాని మీదుగా పారుతూ ఉంటే, లోపలి పాత నీటికీ పైన పారే నీటికీ మధ్య కరిగిన పదార్థాలు వ్యాపనం ద్వారా అటూ ఇటూ మారతాయి. అందుచేత బెడ్‌లోని నీటిని రెండు భాగాలుగా ఊహించుకోవాలి. ఒకటి గబగబా దిగిపోయే పారుదల నీరు, రెండోది దాదాపు కదలని నిలువ నీరు. మీ రంగు అయిదో నిమిషానికే కనిపించడానికి కారణం మొదటిది. గంట దాటినా తోకలా సాగుతూ వస్తున్నది నిలువ నీటిలోకి చొరబడి తిరిగి నెమ్మదిగా బయటపడుతున్న రంగు. ఆ పొడవాటి తోకను చూసి బెడ్‌లో ఎక్కడో చెడు మూల ఉందని భయపడే వాళ్లను చాలామందిని చూశాను. నిజానికి తోక ఉందంటే నీటికీ బయోఫిల్మ్‌కూ మధ్య మార్పిడి జరుగుతోందని అర్థం. బీఓడీ తగ్గడానికి దారి కూడా అదే మార్పిడి.

కొలత విషయంలో ఒక జాగ్రత్త చెప్పాలి. చాలా రంగులు బయోఫిల్మ్‌కు అంటుకుంటాయి, అందువల్ల తోక ఉన్నదానికంటే పొడవుగా కనిపిస్తుంది, కొంత రంగు అసలు బయటికే రాదు. మామూలు ఉప్పును గాఢ ద్రావణంగా ఒక్కసారి పోసి, కింది కాలువలో విద్యుత్ వాహకత మీటర్‌తో ప్రతి నిమిషం కొలవడం నాకు ఎక్కువ నమ్మకమైన పద్ధతి. పోసిన ఉప్పుకూ బయటికి వచ్చిన ఉప్పుకూ లెక్క సరిపోవాలి. సరిపోకపోతే ఆ పరీక్ష నుంచి సగటు సమయం తీయవద్దు.

ఇక ఉదయపు గంటల సంగతి. పైన చెప్పిన పలుచని పొర లెక్కలో మందం ప్రవాహపు ఘనమూలాన్ని అనుసరిస్తుంది. ప్రవాహం రెట్టింపైతే పొర మందం 26 శాతమే పెరుగుతుంది, మిగతా భారాన్ని వేగం మోస్తుంది. అది 59 శాతం పెరుగుతుంది. ఫలితంగా నీరు లోపల ఉండే సమయం 37 శాతం తగ్గిపోతుంది. నిజమైన బెడ్‌లలో నిలువ నీటి భాగం వల్ల తగ్గుదల ఇంతకంటే కొంచెం తక్కువగా, 30 శాతం దగ్గర ఉంటుంది. 1960లో షుల్జ్ ఇచ్చిన ప్రసిద్ధ సూత్రంలో మిగిలిన బీఓడీ నిష్పత్తి లోతుతో పాటు ఘాతీయంగా తగ్గుతుంది, లోతును ప్రవాహ భారపు, అంటే చదరపు మీటరుకు పడే నీటి, ఒక ఘాతంతో భాగిస్తారు. ఆ ఘాతం విలువ సిద్ధాంతం ప్రకారం మూడింట రెండు వంతులు, ఆచరణలో సాధారణంగా సగం తీసుకుంటారు. లోతును బట్టి బీఓడీ ఘాతీయంగా తగ్గుతుందన్న మూలభావన 1948లో వెల్జ్ చెప్పినదే. ఈ సూత్రాలు కంటికి కేవలం అంకెల సరిపోలికలా కనిపిస్తాయి గానీ, ఆ ఘాతం వెనుక ఉన్నది నీటి పొర మందమే. ఉదయం మీ బీఓడీ పెరగడంలో అందుచేత వింత ఏమీ లేదు. సమయం తగ్గింది, అదే గంటల్లో వచ్చే మురుగు కూడా చిక్కగా ఉండి ఉంటుంది.

కానీ ఈ సూత్రాలన్నీ ఒక మాటను మౌనంగా ఊహించుకుంటాయి: నీరు బెడ్ అంతటా సమానంగా పడుతోంది అని. మీ విషయంలో నాకు అనుమానం ఉన్నది అక్కడే, అందుకే దీని మీద కొంచెం ఎక్కువగా రాస్తాను.

నిండుగా నీరున్న ఫిల్టర్‌లో ఒకచోట సందులు మూసుకుంటే అక్కడ నిరోధం పెరుగుతుంది, నీరు ఒత్తిడి వల్ల పక్కకు తిరిగి తెరిచి ఉన్న దారిని వెతుక్కుంటుంది. ట్రిక్లింగ్ ఫిల్టర్‌లో నీటిపై ఒత్తిడి లేదు. అది వాతావరణ పీడనంలోనే, కేవలం తన బరువుతో దిగుతుంది. పైన ఏ చోట పడిందో దాదాపు ఆ చోటు కిందే దిగుతుంది. రాళ్ల మీద కొద్దిగా చెదురుతుందే తప్ప మీటర్ల దూరం పక్కకు పోదు. పైన నీరు పడని చోట కింద కూడా నీరు చేరదు. పైగా దిగేకొద్దీ సన్నని ధారలుగా కూడుకునే గుణం, గోడ దగ్గరికి చేరితే గోడనే పట్టుకుని జారిపోయే గుణం కూడా దానికి ఉన్నాయి. పైభాగంలో జరిగిన పంపిణీ తప్పును బెడ్ ఎంత లోతున్నా సరిదిద్దదు.

పైన చెప్పిన షుల్జ్ సూత్రంతోనే, ఘాతం సగం అనుకుని, దీని విలువ కట్టవచ్చు. నీరు సమానంగా పడినప్పుడు 20 శాతం బీఓడీ మిగులుతుందని అనుకుందాం. బెడ్‌లో నాలుగో వంతుకు నీరు అందకపోతే, మిగతా మూడు వంతుల మీద భారం రోజుకు 10 నుంచి 13.3 మీటర్లకు పెరుగుతుంది, మిగిలే బీఓడీ 20 నుంచి 25 శాతానికి పోతుంది. లోపలికి లీటరుకు 200 మిల్లీగ్రాములు వస్తుంటే బయటికి 40కి బదులు 50 వెళుతుంది. అదే 40కి తిరిగి రావాలంటే బెడ్‌ను 28 సెంటీమీటర్లు ఎత్తు పెంచాలి. అంటే కొన్ని మూసుకుపోయిన రంధ్రాల వల్ల 28 సెంటీమీటర్ల కంకర వృథా అవుతోందన్నమాట. మీరు కట్టాలనుకుంటున్న అర మీటరులో సగానికి పైగా ఈ ఒక్క తప్పును కప్పిపుచ్చడానికే సరిపోతుంది.

తిరిగే డిస్ట్రిబ్యూటర్‌లో సమాన పంపిణీ చూసినంత సులువు కాదు. ఆర్మ్ బయటి కొన దగ్గర ఒక మీటరు పొడవు తడపాల్సిన వలయం, మధ్య భాగంలోని ఒక మీటరు తడపాల్సిన వలయం కంటే ఎన్నో రెట్లు పెద్దది. 10 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మీ బెడ్‌లో సగం వైశాల్యం కేంద్రం నుంచి 7 మీటర్ల లోపు ఉంటే, మిగతా సగం చివరి 3 మీటర్లలోనే ఉంది. అందుకే కొన వైపు రంధ్రాలు దగ్గర దగ్గరగా ఉంటాయి. దురదృష్టవశాత్తు గొట్టంలో కొట్టుకొచ్చే చెత్త, పీచు చేరేది కూడా ఆ కొననే. లోపలి రంధ్రాలు బాగా చిమ్ముతుంటే దూరం నుంచి చూసేవారికి అంతా సవ్యంగానే కనిపిస్తుంది, కానీ సగం బెడ్ దాహంతో ఉంటుంది.

నేను చాలా ఏళ్ల క్రితం పనిచేసిన ఒక శుద్ధి కేంద్రంలో సరిగ్గా ఇదే జరిగింది. బయటికి వెళ్లే నీటి నాణ్యత నెలల తరబడి దిగజారుతూ ఉంటే మేము మురుగులో విషపదార్థాలు వస్తున్నాయేమోనని వెతికాము, శుద్ధి అయ్యాక మళ్లీ బెడ్ పైకి తిప్పి పంపే నీటిని పెంచాము, క్లారిఫయర్‌ను (బయటికి వచ్చిన నీటిలోని మడ్డి కిందికి దిగే ట్యాంకు) తప్పుపట్టాము. చివరికి ఒక సీనియర్ ఆపరేటర్ ఒకే కొలత గల లోతు తక్కువ ట్రేలను కేంద్రం నుంచి అంచు వరకు మీటరుకు ఒకటి చొప్పున నాలుగు దిక్కులా పెట్టించి, డిస్ట్రిబ్యూటర్‌ను పది చుట్లు తిప్పించారు. లోపలి ట్రేలు నిండి పొంగాయి. అంచు దగ్గరి ట్రేల అడుగు మాత్రమే తడిసింది. కొన మూతలు తెరిచి కడిగితే గుప్పెళ్ల కొద్దీ పీచు వచ్చింది. ఆ ట్రేల పరీక్షను ప్రతి కొత్త బెడ్ దగ్గరా మొట్టమొదట చేయడం ఆ రోజు నుంచి నాకు అలవాటైంది. మీరు కూడా మరే పని చేసే ముందు ఇది చేయండి. ట్రేలలో నీటి మట్టాలు సగటుకు పదో వంతు అటూ ఇటూ ఉంటే సంతోషించవచ్చు.

పంపిణీలో స్థలం ఎంత ముఖ్యమో సమయం కూడా అంతే. బెడ్‌లోని ఒక చోటు దృష్టిలో చూస్తే నీరు ఎడతెగకుండా పడదు. ఆర్మ్ దాటినప్పుడు ఒక తడి, తరువాత విరామం, మళ్లీ తడి. ఒక ఆర్మ్ ఒకసారి దాటినప్పుడు ఎన్ని మిల్లీమీటర్ల నీరు పడిందన్న కొలతను జర్మన్ మాటతో స్ప్యూల్‌క్రాఫ్ట్ అంటారు, అంటే కడిగే బలం. మీ భారం గంటకు 417 మిల్లీమీటర్లు. మీ డిస్ట్రిబ్యూటర్‌కు రెండు ఆర్మ్‌లు ఉండి, అది నిమిషానికి ఒక చుట్టు తిరుగుతుంటే ఒక్కో దాటుకు 3.5 మిల్లీమీటర్లే పడుతుంది. అదే నీటితో, 12 నిమిషాలకు ఒక చుట్టు తిరిగేలా వేగం తగ్గిస్తే దాటుకు 42 మిల్లీమీటర్లు పడుతుంది. రోజంతా పడే నీరు మారలేదు, కానీ పడే తీరు పూర్తిగా మారింది. సన్నని జల్లు బయోఫిల్మ్‌ను తడిపి మేపుతుంది గానీ కడగదు. అది పెరిగి పెరిగి సందులను పూడ్చేస్తుంది. 42 మిల్లీమీటర్ల తడి మాత్రం సందుల లోతు వరకు దిగి, వదులైన పొరను ఊడ్చుకుపోతుంది, సాధారణంగా పొడిగా ఉండే రాతి ముఖాలను కూడా తడుపుతుంది, ఫిల్టర్ ఈగల లార్వాలను కొట్టుకుపోయేలా చేస్తుంది. ఆ వెంటనే వచ్చే విరామంలో గాలి లోపలికి చేరుతుంది.

పొర మందంగా ఉంటే శుద్ధి ఎక్కువ అవుతుందన్న అభిప్రాయం చాలా చోట్ల వింటాను, అది సరికాదు. ఆక్సిజన్ నీటి పొరను దాటి బయోఫిల్మ్‌లోకి 0.1 నుంచి 0.2 మిల్లీమీటర్ల లోతు వరకే సాధారణంగా చేరుతుంది. అంతకు మించి ఉన్న మందం నీటి దారిని అడ్డుకోవడం తప్ప ఆక్సిజన్‌తో జరిగే శుద్ధికి పనికిరాదు. అడుగున గాలి అందని పొర కుళ్లి రాతిపై పట్టు కోల్పోతుంది, ఒకనాడు పెద్ద పెళ్లలుగా ఊడుతుంది. రోజూ కొంచెం కొంచెంగా ఊడడం మంచిది, ఒక్కసారిగా ఊడడం క్లారిఫయర్‌కు శిక్ష. కాబట్టి డిస్ట్రిబ్యూటర్ వేగాన్ని తగ్గించాలని నిర్ణయిస్తే ఒక్కరోజులో 12 నిమిషాలకు దింపవద్దు. కొన్ని వారాల పాటు మెట్టు మెట్టుగా తగ్గించండి, మొదట్లో మడ్డి ఎక్కువగా వస్తుంది. నీటి ధారల ప్రతిచర్యతోనే తిరిగే రకం అయితే కొన్ని రంధ్రాలను వ్యతిరేక దిశలో అమర్చి నెమ్మదింపజేయవచ్చు. ఆర్మ్ ఆగిపోకుండా ఉండే కనీస వేగాన్ని తక్కువ ప్రవాహం ఉండే రాత్రి వేళలో పరీక్షించాలి.

మీరు చెప్పిన నీరు నిలిచే చోటు దగ్గరికి వస్తే, అక్కడ సందులు పూడిపోయాయి. కారణం అతిగా పెరిగిన బయోఫిల్మ్ కావచ్చు, ప్రాథమిక ట్యాంకు నుంచి తప్పించుకుని వచ్చిన మడ్డి కావచ్చు, పగిలి చిన్న ముక్కలైన రాళ్లు కావచ్చు. మొదటి రెండూ కడిగితే పోతాయి: ఆ చోట ఆర్మ్‌ను కొంతసేపు ఆపి ఉంచడం, ఒత్తిడి నీటితో కొట్టడం, పైభాగపు రాళ్లను పారతో కదిలించడం, మరో బెడ్ అందుబాటులో ఉంటే దీన్ని కొన్నాళ్లు ఎండనివ్వడం. మూడోది అయితే రాళ్లను తీసి జల్లించి పరచడం తప్ప దారి లేదు. నీటి గుంట చుట్టుపక్కల భాగానికి కూడా నష్టం చేస్తుందని మరువకండి. అక్కడి నీరు పొంగి అంచుల దగ్గర లావుపాటి ధారలుగా దిగుతుంది, ఆ ధారల్లో పడిన నీటికి బయోఫిల్మ్‌తో సంపర్కం చాలా తక్కువ. మీ రంగు అయిదో నిమిషానికే రావడంలో ఆ ధారల పాత్ర కూడా కొంత ఉండవచ్చు.

అడుగున ఉన్న డ్రైనేజీ గురించి ఎవరూ పెద్దగా అడగరు గానీ, నీరు దిగడానికీ గాలి ఎక్కడానికీ ఉన్న దారి అదొక్కటే. ఆ కాలువలు గరిష్ఠ ప్రవాహంలో కూడా సగానికి మించి నిండకూడదు, ఎందుకంటే మిగతా సగం గాలి కోసం. అడుగు పలకల రంధ్రాల మొత్తం వైశాల్యం బెడ్ వైశాల్యంలో కనీసం 15 శాతం ఉండాలని డిజైన్ ప్రమాణాలు చెబుతాయి. గాలిని కదిలించేది లోపలి గాలికీ బయటి గాలికీ మధ్య ఉష్ణోగ్రత తేడా. నీరు బయటి గాలి కంటే వెచ్చగా ఉంటే లోపలి గాలి వేడెక్కి పైకి లేస్తుంది, చల్లగా ఉంటే కిందికి దిగుతుంది, రెండూ దాదాపు సమానమైన గంటల్లో గాలి స్తంభించిపోతుంది. మీ ఉదయపు సమస్య ప్రవాహంతో పాటు ఇలాంటి స్తంభన వేళకు కూడా కలిసి వస్తోందేమో, రెండు ఉష్ణోగ్రతలనూ వారం రోజులు గంట గంటకూ రాసి చూడండి. కాలువ ముఖద్వారం దగ్గర సన్నటి పొగ పెట్టి అది ఎటు కదులుతుందో చూడడం అన్నింటికంటే సులువైన పరీక్ష.

ప్లాస్టిక్ మీడియాకు మారితే ఎలా ఉంటుందని కూడా ఒక వాక్యంలో అడిగారు. అందులో సందులు 95 శాతం దాకా ఉంటాయి, ఉపరితలం ఘనపు మీటరుకు 90 నుంచి 150 చదరపు మీటర్లు లేదా అంతకు మించి ఉంటుంది, బరువు తక్కువ కాబట్టి 6 మీటర్లు, ఇంకా పైకి కూడా కట్టవచ్చు. కానీ అంత ఉపరితలాన్ని తడపడానికి తగినంత నీరు కావాలి. పైన చదరపు మీటరుకు సెకనుకు అర లీటరు, అంటే రోజుకు 43 మీటర్ల కంటే తగ్గితే కొంత ఉపరితలం పొడిగా మిగిలిపోతుందన్నది చాలాకాలంగా వాడుకలో ఉన్న నియమం. మీ 10 మీటర్ల భారం దానికి ఏమాత్రం సరిపోదు. లోతు పెంచి వైశాల్యం తగ్గించాలి, లేదా బయటికి వచ్చిన నీటిని చాలా రెట్లు తిప్పి పంపాలి. ఏటవాలు కాలువలు ఒకదాన్నొకటి దాటే రకం మీడియాలో ప్రతి కూడలి దగ్గర నీరు విడిపోయి కలుస్తుంది కాబట్టి పంపిణీ మెరుగు. నిటారు కాలువల రకంలో పంపిణీ మెరుగుపడదు గానీ అది త్వరగా పూడిపోదు.

మీరు మొదట వాడిన లెక్క ఎక్కడ సరిపోతుందో కూడా చెప్పాలి. నీట మునిగిన ఏరేటెడ్ బయోఫిల్టర్లలో కొన్ని మిల్లీమీటర్ల గింజల బెడ్ నిండా నీరు ఉంటుంది, గాలిని కింది నుంచి ఊదుతారు. అక్కడ ఖాళీ పరిమాణం నుంచి గాలి బుడగల వాటా తీసేసి ప్రవాహంతో భాగిస్తే నిజమైన సమయానికి దగ్గరగా వస్తుంది. అక్కడి కష్టం వేరు. బయోఫిల్మ్, మడ్డి కలిసి సందుల వాటాను 40 శాతం నుంచి 30కి తగ్గిస్తే చాలు, అదే ప్రవాహానికి ఒత్తిడి నష్టం మూడు రెట్లకు పైగా పెరుగుతుంది, ఎందుకంటే నిరోధం సందుల వాటా ఘనానికి విలోమంగా, గింజల వాటా వర్గానికి అనులోమంగా మారుతుంది. అందుకే వాటిని దాదాపు ప్రతిరోజూ గాలితోనూ నీటితోనూ వెనక్కి కడగాలి. ట్రిక్లింగ్ ఫిల్టర్‌కు అలాంటి కడుగు వ్యవస్థ లేదు. దానికి ఉన్న ఏకైక కడుగు పైనుంచి పడే నీరే, అందుకే ఆర్మ్ వేగం గురించి అంతగా చెప్పాను.

ఇప్పుడు ఎత్తు పెంచే ప్రశ్న. ఇప్పుడే పెంచవద్దు. మొదట ట్రేల పరీక్ష, కొన మూతలు తెరిచి ఆర్మ్‌లను కడగడం, ఆర్మ్‌లు మట్టంగా ఉన్నాయో లేదో చూడడం. తరువాత నీరు నిలిచే చోటును శుభ్రం చేయడం, డిస్ట్రిబ్యూటర్ వేగాన్ని మెట్టు మెట్టుగా తగ్గించడం. ఆపైన, క్లారిఫయర్ భరించగలిగితే, ప్రవాహం తక్కువగా ఉండే వేళల్లో శుద్ధి అయిన నీటిని వచ్చే నీటికి సమానంగా తిప్పి పంపండి. అప్పుడు ఒక్కో దిగుడు సమయం 30 శాతం తగ్గినా ప్రతి చుక్కా సగటున రెండుసార్లు దిగుతుంది కాబట్టి మొత్తం సంపర్కం 40 శాతం పెరుగుతుంది. నీరు పలుచనవడం వల్ల బీఓడీ తగ్గుదల అంతగా పెరగకపోయినా, రాత్రిపూట బెడ్ తడి ఆరకుండా ఉండడం దానంతట అదే ఒక లాభం. ఉదయం ప్రవాహం పెరిగినప్పుడు మాత్రం తిప్పి పంపడాన్ని తగ్గించండి, లేకపోతే క్లారిఫయర్ మీద రెండు భారాలూ ఒకేసారి పడతాయి.

ఇవన్నీ అయి, బయోఫిల్మ్ కొత్త తీరుకు అలవాటు పడడానికి రెండు మూడు నెలలు గడిచాక, అదే ప్రవాహం ఉన్న గంటలో ఈసారి ఉప్పుతో మళ్లీ పరీక్షించండి. మొదటి ఆనవాలు అయిదో నిమిషం నుంచి ఎంత వెనక్కి జరిగిందో, సగటు 18 నిమిషాల నుంచి ఎటు కదిలిందో చూడండి. సగటు కొద్దిగా తగ్గి, మొదటి ఆనవాలు ఆలస్యమైతే కంగారు పడవద్దు; పూడిక పోయింది, లావు ధారలు కూడా పోయాయి అని అర్థం. ఆ రీడింగులతో పాటు ట్రేల కొలతలు కూడా పంపితే, అర మీటరు కంకర అవసరమా కాదా అన్నది అప్పుడు అంకెలతో కలిసి తేల్చుకుందాం.